ఖాళీ కవరు

మా ఊళ్ళో ఉత్తరం రాయడం తెలిసినవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకరు నేను. రెండో ఆయన పోయిన మాఘంలో కాలం చేశాడు. అందుకే ఆ మూడు కవర్ల గొడవ చివరికి నా నెత్తి మీదికే వచ్చింది. అందులో నా తప్పు ఎంతుందో కూడా దాచకుండా చెప్తాను.

నా పేరు సుభద్రమ్మ. కోటబొమ్మాళికి ఆరు కిలోమీటర్ల దూరంలో మా ఊరు. ఊరి పోస్టాఫీసుకి ఇరవై నాలుగేళ్ళుగా నేనే పోస్టుమాస్టర్ని. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. మా ఇంటి ముందుగదే ఆఫీసు. ఒక బల్ల, ఒక తూకం, ఒక తేదీ ముద్ర. మెట్ల కింద నా కోళ్ళు, పక్క పాకలో నా ఆవు. రోజూ పదకొండింటికి గంగులు కోటబొమ్మాళి నుంచి మోటారు సైకిలు మీద టపా సంచి తెస్తాడు. పదేళ్ళుగా ఆ సంచిలో బ్యాంకు నోటీసులూ, ఇన్సూరెన్సు కాగితాలూ, ఆధార్ కార్డులూ తప్ప మనిషి చేత్తో రాసింది ఒక్కటి వస్తే ఒట్టు.

అలాంటిది ఈ వేసవిలో యుద్ధం వచ్చింది. మా ఊరివాళ్ళు పంతొమ్మిది మంది మిలటరీలో ఉన్నారు. అందరి సెలవులూ రద్దయ్యాయి. కొందరిని మంచు కొండలకి పంపారు, కొందరిని ఎడారికి. నరసింగరావు బావ కొడుకు కొండబాబు ఉన్న దళాన్ని ఓడెక్కించి ఏదో దీవికి తీసుకుపోయారు. ఏ దీవో మనం అడక్కూడదు, వాళ్ళు చెప్పకూడదు. అంతకుముందు అక్కడ ఒక లైటుహౌసు, దాన్ని చూసుకునే నలుగురు మనుషులు తప్ప ఎవరూ ఉండేవారు కాదట. ఇప్పుడు నూట యాభై మంది సిపాయిలు కందకాలు తవ్వుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చున్నారు. ఫోన్లన్నీ సంచుల్లో వేసి సీలు వేశారు. ఇక మిగిలింది ఉత్తరమే. పేరు, నెంబరు, దళం రాసి కింద 'కేరాఫ్ 99 ఏపీవో' అని మిలటరీ పోస్టాఫీసు నెంబరు పెడితే చాలు, మనిషి ఎక్కడున్నా అదే వెతుక్కుంటూ పోతుంది. ఆ మనిషి ఎక్కడున్నాడో మాత్రం రాసినవాళ్ళకీ తెలియదు, ముద్ర వేసిన నాకూ తెలియదు.

ఈ కుర్రకారుకి ఉత్తరం రాయడం రాదు. ఫోనులో మెసేజి పెట్టినట్టే రాస్తారు. తేదీ వెయ్యరు, ఫోనులో అదే పడుతుంది కదా. దేనికి జవాబో చెప్పరు, ఫోనులో పైన ప్రశ్న కనిపిస్తూనే ఉంటుంది కదా. జూన్ నెలాఖరుకి కొండబాబు నుంచి మొదటి ఉత్తరం వచ్చింది. 'బాగున్నాను. సరే. రెండోది కుదరదు. ఇక్కడ పీతలు బూట్లలో దూరుతున్నాయి. రోజూ చపాతీలే.' అంతే. ఏది సరే, ఏది రెండోది అని ఇంటిల్లిపాదీ వారం రోజులు జుట్టు పీక్కున్నారు. పీతల సంగతి ఒక్కటే అందరికీ అర్థమైంది.

ఇక అసలు సంగతికి వస్తాను. కొండబాబుకీ అతని భార్య భాగ్యవతికీ పుట్టిన మొదటి బిడ్డ పదకొండో రోజున పోయింది. దాంతో రెండో బిడ్డ పుట్టగానే, మా వైపు అలవాటు ప్రకారం, చేటలో పడుకోబెట్టి తవుడుకి అమ్మారు. నిజం అమ్మకం కాదు. ఈ తల్లికి బిడ్డలు నిలవకుండా చేస్తున్న చెడు కన్ను ఏదో ఉంటే, దానికి 'ఇది మా బిడ్డ కాదు, సోలెడు తవుడుకి పోయిన సరుకు' అని చూపించడం. కొన్నవాళ్ళు బిడ్డని గడప దాటించి తీసుకుపోతారు. కాసేపాగి తండ్రి వెళ్ళి వాళ్ళ ఒళ్ళో తవుడు పోసి తిరిగి కొనుక్కుంటాడు. మా జిల్లాలో తవిటయ్యలూ తవిటమ్మలూ ఇంతమంది ఉన్నారంటే ఊరికే లేరు. అయితే ఆ రెండోసారి కొండబాబుకి సెలవు దొరక్క, తాత హోదాలో నరసింగరావు బావే తవుడు పోసి బిడ్డని తెచ్చాడు. మూడు నెలలకి ఆ బిడ్డ కూడా పోయింది. తండ్రి చెయ్యి పడలేదు కాబట్టే ఇలా అయిందని ఊరు ఊరంతా తేల్చేసింది. నేను ఇవి నమ్మను. కాని ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి నమ్మను అని చెప్పే ధైర్యం నాకు లేదు.

మూడో బిడ్డ ఏప్రిల్ చివర పుట్టింది. ఆడపిల్ల. కాగితాల మీద బిందు, నోటికి తవిటమ్మ. ఈసారి కొన్నది కొండబాబు అక్క కుమారి. సోలెడు తవుడు పోసి, బిడ్డని చేటతో ఎత్తుకుని, ఎదురింటికి, అంటే తన ఇంటికి, తీసుకెళ్ళింది. కుమారికి పెళ్ళయి పదకొండేళ్ళు, పిల్లల్లేరు. "పది రోజుల్లో వస్తాను. నా సేత్తో నేనే కొంటాను. అంతదాకా అప్ప దగ్గరే ఉంచండి" అని కొండబాబు ఫోనులో చెప్పాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. ఆ పది రోజుల్లోనే యుద్ధం వచ్చింది. పది రోజులు కాస్తా ఐదు నెలలయ్యాయి.

ఆ ఐదు నెలలూ భాగ్యవతి పగలూ రాత్రీ వీధి దాటి వెళ్ళి, కన్నబిడ్డకి పాలిచ్చి, వట్టి చేతులతో ఇంటికి వచ్చేది. పిల్ల ఏడుపు తన గుమ్మంలోకి వినపడేది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పరుగెత్తేది. ఆ పరుగు నా కిటికీలోంచి నేను రోజూ చూశాను. కుమారిది చెడ్డ మనసు కాదు. పిల్లని నేల మీద పెట్టకుండా పెంచింది. అదే వచ్చిన చిక్కు. సెప్టెంబరు వచ్చేసరికి పిల్ల బోర్లా పడి, కుమారి గొంతు వినపడితే మెడ తిప్పి నవ్వడం మొదలెట్టింది.

అంతలో కుమారి మొగుడు తిరుమలరావు పనిచేసే రైసుమిల్లు మూతపడింది. తెలిసినవాళ్ళెవరో నెల్లిమర్ల జూటుమిల్లులో పని చూపించారు. అక్కడ ఒంటిగది ఇల్లు మాట్లాడుకున్నారు. గురువారం పొద్దున్న ప్రయాణం.

"గుంట నాతోటే వస్తాది. తమ్ముడొచ్చి కొనుక్కున్న నాడు పంపుతాను. డబ్బాపాలు అలవాటు సేస్తాను, భయమేటి నేదు" అంది కుమారి. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. భాగ్యవతిని కూడా రమ్మంది. ఆమె ఎలా వెళ్తుంది? నరసింగరావు బావకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. అన్నం ముద్ద కూడా కోడలే కలిపి పెట్టాలి.

బిడ్డని తెచ్చేసుకోరాదా అని జూలైలోనే నేను ఒకసారి అడిగాను. భాగ్యవతి తల అడ్డంగా ఊపింది. "భయమత్తా. ఆయన మాట నేకుండా తెచ్చీసి, దీనికేటైనా అయితే నేను బతకను. అక్కడుంటే బతికైనా ఉంటాది కదా" అంది. అంచేత కొండబాబు మాట కోసం నా చేతే రెండు ఉత్తరాలు రాయించుకుని పంపింది. జవాబు రాలేదు. అందరం ఆ దీవి వైపు చూస్తూ కూర్చున్నాం, అది ఏ దిక్కున ఉందో కూడా తెలియకుండా.

సోమవారం వాన. గంగులు తెచ్చిన సంచి అడుగంటా తడిసింది. విప్పితే భాగ్యవతి పేరు మీద మిలటరీ కవర్లు ఒకటి కాదు, మూడు. సంతోషించే లోపలే చిరాకు తన్నుకొచ్చింది. ఒక కవరు మూల చిరిగి, అందులోంచి ఎర్రటి దుమ్ము రాలి మిగతా కాగితాలన్నిటికీ పట్టింది. దీవి కదా, సముద్రపు ఇసుక దూరినట్టుంది అనుకున్నాను. నాకు టపా మీద దుమ్ముంటే ఒళ్ళు మండుతుంది. మెట్టు మీదికి వెళ్ళి కవర్లు మూడూ, ముఖ్యంగా ఆ చిరిగినది, బోర్లించి శుభ్రంగా దులిపాను. కోళ్ళు పరుగెత్తుకొచ్చాయి. వాటిని అదిలించి లోపలికి వచ్చి, చిరిగిన మూలకి సెలోటేపు అంటించి, పైన 'చిరిగి వచ్చినది' అని రాసి సంతకం పెట్టాను. రూలు తప్పకుండా చేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

నరసింగరావు బావ అరుగు మీద అందరూ కూడాక భాగ్యవతి కవర్లు విప్పింది.

ఒక దాంట్లో ఇలా ఉంది. 'అప్ప దగ్గరే ఉంచండి. నేనే వచ్చి కొంటాను. తొందరపడొద్దు. వాన నీళ్ళు పట్టి తాగుతున్నాం.'

రెండో దాంట్లో ఇలా ఉంది. 'లీవు లేదు. పంపాను. అప్పకిచ్చి పాపని తెచ్చీసుకోండి. కూరగాయల ఓడ వచ్చింది. ఉంటాను.'

మూడోది, నేను సెలోటేపు వేసినది, ఖాళీ. భాగ్యవతి అందులో చెయ్యి పెట్టి చూసింది, వెలుగుకి పట్టి చూసింది, తలకిందులు చేసి చూసింది. ఏమీ లేదు.

"తెచ్చీసుకోమన్నాడు కదే, ఇంకేటి కావాల?" అన్నాడు నరసింగరావు బావ.

"ఉంచమని కూడా అన్నాడు కద నాన్నా" అంది కుమారి. పిల్ల ఆమె భుజం మీదే నిద్రపోతోంది. "ముందు లీవు నేదన్నాడు. తరవాత నేనే వచ్చి కొంటానన్నాడు. అంటే లీవు దొరికినట్టే కదేటి?"

"తిరగేసి సదువుతన్నావే నువ్వు. ముందు వస్తానన్నాడు. తరవాత లీవు దొరకనేదు. అందుకే తెచ్చీసుకోమన్నాడు. ఇందల తిరకాసేటున్నాది?"

భాగ్యవతి ఇద్దరి మొహాలూ చూసింది. "మావ సెప్తే అదే నిజమనిపిస్తాది. వదిన సెప్తే ఇదే నిజమనిపిస్తాది. నాకేటీ తెలీటం నేదత్తా. నువ్వు ముద్రలు సూసి సెప్పు, ఏది ముందుదో ఏది ఎనకదో."

ముద్రలు అంతకు ముందే చూశాను. మూడు కవర్ల మీదా ఒకటే తేదీ, ఆగస్టు ఇరవై. దీవికి ఓడ ఎప్పుడో నెలకోసారి వస్తుంది. నెలంతా రాసిన ఉత్తరాలు ఒక డబ్బాలో పడి ఉంటాయి. ఓడ వచ్చిన రోజున అన్నిటికీ ఒకేసారి ముద్ర కొట్టి పంపుతారు. ఆ సంగతి చెప్పేసరికి అందరూ నా వైపు, ఆ ముద్ర నేనే తప్పుగా కొట్టినట్టు చూశారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నేనేం చెయ్యను?

"పంపాను అంటే ఏటి పంపినట్టు?" అంది కుమారి. "అప్పకివ్వండి అన్నాడు. అంటే నాకు ఇడిగా ఉత్తరం రాసాడు. అది ఈ ఖాళీ కవర్లోనే ఉండాల. అందల ఏటి రాసాడో సూడకుండా గుంటని ఎలగిస్తాను? నాకు రాసిన మాట నాకు రావాల కద పిన్నీ. ఇంతకీ ఈ కవరు సించినోళ్ళెవరు?"

ఆ చివరి మాట నాకు సూదిలా గుచ్చుకుంది. ఇరవై నాలుగేళ్ళలో ఒకరి కవరు విప్పి ఎరగను. "నేను సించలేదే. అలాగే వచ్చింది. దాని మీద రాసి సంతకం కూడా పెట్టాను, కళ్ళుంటే సూసుకో" అని కసిరాను. కసిరాక, ఆమె ఒళ్ళో పిల్ల ఉలిక్కిపడితే సిగ్గేసింది.

మంగళవారమంతా నా బుర్ర తిరిగిపోయింది. కోటబొమ్మాళి ఆఫీసుకి ఫోను చేసి, ఊడిన ఉత్తరం ఏదైనా పడి ఉందా అని అడిగాను. లేదన్నారు. గంగులు సంచి తిరగేసి దులిపించాను. ఉత్తరం లేదు గాని, వాడు మూడేళ్ళ కిందట పోగొట్టుకున్న పెట్రోలు బంకు కూపను దొరికింది. పోనీ ఏ ఉత్తరం ముందో కనిపెడదామని, వాన నీళ్ళు అన్నాడు కాబట్టి అది జూలై, కూరగాయల ఓడ అన్నాడు కాబట్టి అది ఆగస్టు అని లెక్క కట్టాను. తీరా చూస్తే ఓడ జూలైలోనూ వస్తుంది, వాన ఆగస్టులోనూ కురుస్తుంది. సిరా పోల్చాను. రెండూ ఒకే పెన్ను. సాయంత్రానికి నేనొక నిర్ణయానికి వచ్చి పడుకున్నాను. పొద్దున్న లేచేసరికి ఆ నిర్ణయం ఏదో గుర్తుంది గాని, దానికి కారణం గుర్తులేదు.

ఒక్కొక్కరే వచ్చి చాటుగా అడిగారు. నరసింగరావు బావకి నువ్వన్నదే సరై ఉంటుంది అన్నాను. కుమారికి నీ మాటలోనూ న్యాయముంది అన్నాను. తిరుమలరావు వచ్చి, "ఏదో ఒకటి బేగి తేల్సండి అత్తా, నాకు బండి మాట్లాడాల" అన్నాడు. ఆ మనిషికి మాత్రం ఏమీ చెప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం భాగ్యవతి ఆ ఖాళీ కవరు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. రెండు రోజులుగా పట్టుకు తిరిగి దాన్ని మెత్తగా చేసేసింది. "ఇంకోపాలి సూడత్తా. అడుగున ఏటైనా అతుక్కుందేమో" అంది. ఆమె జాకెట్టు ముందు పాలు కారి తడిగా ఉంది. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. రేపటి నుంచి ఈ పాలు ఎవరికి అన్న ఆలోచన నాకు వచ్చింది, పైకి అనలేదు.

ఆమె వెళ్ళాక ఆవుకి కుడితి కలపడానికి పాకలోకి వెళ్ళాను. తవుడు బుట్టలో చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీసి తొట్టిలో వేశాను. తడి చేతికి తవుడు అంటుకుంది. దులుపుకుందామని చెయ్యి విదిలిస్తే, పాక గుమ్మంలో పొంచి ఉన్న కోళ్ళు ఆ రాలిన నలకల కోసం పరుగెత్తుకొచ్చాయి. సోమవారం మెట్టు దగ్గరికి ఎలా వచ్చాయో అచ్చం అలాగే వచ్చాయి.

నేను అక్కడే నిలబడిపోయాను. ఇసుక కోసం కోళ్ళెందుకు వస్తాయి?

చేతులు కడుక్కోకుండానే ముందుగదిలోకి పరుగెత్తి, కవరుని కిటికీ వెలుగుకి పట్టాను. నేను స్వయంగా అంటించిన సెలోటేపు కింద, మూలలో, పది పన్నెండు ఎర్రటి పొట్టు నలకలు అంటుకుని ఉన్నాయి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మూడు రోజులుగా ఊడిన ఉత్తరం కోసం వెతుకుతున్నాను. అందులో ఉత్తరం ఎప్పుడూ లేదు. కొండబాబు పంపింది తవుడు. తండ్రి చేత్తో పొయ్యాల్సిన తవుడు. ఆ దీవిలో వడ్లెక్కడివి, చపాతీ పిండి జల్లించగా మిగిలిన పొట్టు పోగు చేసి, కవర్లో పోసి, నోరు అంటించి, ఓడకి ఇచ్చి ఉంటాడు. పంపాను, అప్పకిచ్చి తెచ్చీసుకోండి. అంతకంటే విడమరిచి ఎవడు రాస్తాడు? ఒక్క మాట ఎక్కువ రాస్తే పెన్నరిగిపోతుందా వెధవకి? అని తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. బిడ్డ ధర సముద్రం దాటి, రైలు దిగి, నా గుమ్మందాకా క్షేమంగా వచ్చింది. దాన్ని కోళ్ళకి వేసింది నేను.

నిజం చెప్పేద్దామని చెప్పులు వేసుకున్నాను. వీధి సగం దాటాక ఆగాను. చెప్తే కుమారి ఏమంటుంది? 'నా ఒళ్ళోకి రానేదు కదా పిన్నీ, మళ్ళీ పంపమను' అంటుంది. అనడం న్యాయమే. మళ్ళీ ఉత్తరం వెళ్ళి, మళ్ళీ ఓడ వచ్చి, మళ్ళీ తవుడు రావడానికి మూడు నెలలు. అప్పటికి పిల్ల నెల్లిమర్లలో పాకుతూ కుమారినే అమ్మా అంటుంది. భాగ్యవతి పాలు ఇంకిపోతాయి. ఇదంతా నేను దుమ్ము అనుకుని దులిపినందుకు.

వెనక్కి వచ్చాను. ఆవు తవుడు బుట్టలోంచి ఒక పిడికెడు తీసి ఆ కవర్లో పోశాను. దాని మీద రాత కొండబాబుది, ముద్ర వాడి దీవిది, లోపలి సరుకు నా ఆవుది. నా సర్వీసులో అది మొదటి అబద్ధం.

కుమారి ఇంట్లో సామానంతా మూటలు కట్టి ఉంది. పిల్ల ఒక్కటే చాప మీద విప్పి ఉన్న సామాను. పక్కన భాగ్యవతి. అరుగు మీద నరసింగరావు బావ. నేను వెళ్ళి కవరు చూపించి, "దొరికింది. తవుడు పంపాడు కొండబాబు. సంచి అడుగున రాలిపోయి ఉంది, ఎత్తి పోశాను" అన్నాను.

భాగ్యవతి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అప్పకిచ్చి అన్నది ఇదా" అన్నాడు నరసింగరావు బావ. ఆయన ఎడమ చెయ్యి గాల్లోకి లేచి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు తిరిగి ఒళ్ళోకి వచ్చింది.

కుమారి కవర్లో వేళ్ళు పెట్టి ఒక చిటికెడు తీసింది. బొటనవేలితో నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తిరుమలరావుతో పాటు ఆమె కూడా ఆ రైసుమిల్లులో పదేళ్ళు పని చేసిందన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఎన్నాళ్ళయింది పిన్నీ ఇది బయిలెల్లి?"

"నెల పైనే."

"నెల పైన" అంది. నాకొక్కదానికే వినపడేంత నెమ్మదిగా అంది. "మిల్లుల తవుడు జల్లించి పోస్తే, నాలుగు రోజులకే ముక్క వాసన వచ్చీది. ఇది నెలయినా తియ్యగానే ఉన్నాది."

నేను ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను. అన్నీ చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలోనే కుమారి గొంతు విని చాప మీద పిల్ల మెడ తిప్పి నవ్వింది. కుమారి దాని వైపు చాలాసేపు చూసింది. తరవాత భాగ్యవతి వైపు, తడిసిన ఆ జాకెట్టు వైపు చూసింది. ఇంక తేల్చేశానన్నట్టు చాప మీద మఠం వేసుకుని కూర్చుని, రెండు చేతులతో చీర కొంగు పరిచి పట్టుకుంది.

"పొయ్యి, భాగ్యం. మీ ఆయన పంపిందే. కవరు మీద వాడి సేతి రాతే" అంది.

భాగ్యవతి కవరు వంచింది. తవుడు కుమారి కొంగులో పడింది. కుమారి కొంగు ముడి వేసుకుని, పిల్లని చేటలో పడుకోబెట్టి, చేటని భాగ్యవతి వైపు జరిపింది. పిల్ల ఏడ్చింది. కుమారి చెయ్యి దానంతటదే ముందుకి వెళ్ళి, మధ్యలో ఆగిపోయింది. భాగ్యవతి బిడ్డని గుండెలకి హత్తుకుని వీధి దాటింది. ఐదు నెలల్లో ఆమె ఆ వీధిని బిడ్డతో నడిచి దాటడం అదే మొదటిసారి. వాన తుంపర పడుతుంటే నేను వెనక గొడుగు పట్టాను.

గురువారం పొద్దున్న సామాను బండి నా గుమ్మం ముందు ఆగింది. కుమారి దిగి, నన్ను పలకరించకుండా నేరుగా ఆవు పాకలోకి వెళ్ళింది. కొంగు ముడి విప్పి, ఆ తవుడు కుడితి తొట్టిలో పోసింది. ఒక్క నలక మిగలకుండా దులిపింది.

"ఎవరిది వాళ్ళకి సేర్సాల కదా పిన్నీ. నీ పని కూడా అదే కదేటి" అంది.

నాకు దుఃఖం ఆగలేదు. "కుమారీ, వాడు నిజంగానే పంపాడే. ఆ కవర్లోనే వచ్చింది. దుమ్మనుకుని నేనే కోళ్ళకి దులిపీసాను" అన్నాను.

కుమారి తొట్టి పట్టుకుని అలాగే నిలబడింది. ఆవు మూతి పెట్టి తాగుతోంది.

"ఈ మాట నిన్న సెప్పుంటే ఇచ్చీదాన్ని కాను. నా ఒళ్ళోకి రానేదని గుంటని పట్టుకు ఎల్లిపోదును. ఎవరూ నన్ను తప్పు కూడా పట్టీవోరు కాదు" అంది. కళ్ళు తుడుచుకుంది. "ఒకరి కార్డు ఇంకొకరికి సూపించని మనిషివి. నువ్వే అబద్దం మూట కట్టుకుని నా గుమ్మంలోకి వచ్చావంటే, ఆ తల్లి బాధ ఎంతుండాలో అనుకున్నాను. అందుకు పరిసాను కొంగు."

బండి వాడు హారను కొట్టాడు. కుమారి వెళ్ళి మూటల మధ్య కూర్చుంది. ఎదురింటి అరుగు మీద భాగ్యవతి పిల్లని ఎత్తి చూపిస్తోంది. కుమారి అటు తిరిగి పేరు పెట్టి పిలవలేదు. పిలిస్తే పిల్ల మెడ తిప్పుతుందని ఆమెకి తెలుసు.

పదకొండింటికి గంగులు సంచి తెచ్చాడు. ఆ రోజు టపా నేను దులపలేదు.